యంగ్స్ మాడ్యులస్ నాకు 1.37, పక్క బ్యాచ్‌కి 1.06. తప్పెక్కడ? (మెకానికల్ ఫస్టియర్, చెన్నై)

పెన్నా_ఫస్టియర్:

అన్నలకీ అక్కలకీ నమస్తే. ఊరు నెల్లూరు జిల్లా, ఇప్పుడు తాంబరం దగ్గర హాస్టల్లో ఉండి మెకానికల్ ఫస్టియర్ చదువుతున్నా. రెండు ల్యాబుల్లో రెండు చిక్కులు వచ్చాయి.

ఒకటి ఫిజిక్స్ ల్యాబ్. నాన్-యూనిఫాం బెండింగ్ పద్ధతిలో (రెండు పక్కలా ఆనించి, మధ్యలో బరువు వేలాడదీసి) చెక్క మీటర్ స్కేలుకి యంగ్స్ మాడ్యులస్, అంటే పదార్థం సాగకుండా, వంగకుండా ఎంత ఎదురునిలుస్తుందో చెప్పే విలువ, కనుక్కోవాలి. నా కొలతలు ఇవీ:

నైఫ్ ఎడ్జ్‌ల (స్కేలుని ఆనించే పదునైన ఆధారాల) మధ్య దూరం 70 సెం.మీ.
వెడల్పు 26.1 మి.మీ., వెర్నియర్‌తో.
మందం స్క్రూ గేజ్‌తో ఐదు చోట్ల: 5.52, 5.53, 5.98, 5.52, 5.51 మి.మీ. మూడోది చదవడంలో పొరపాటు జరిగుంటుందని కొట్టేశా. మిగతా నాలుగింటి సగటు 5.52. జీరో ఎర్రర్ (గేజ్ మూసినప్పుడే చూపించే తేడా) లేదు. హెడ్ స్కేల్ (తిరిగే గొట్టం మీది స్కేల్) మీద 50 గీతలున్నాయి.

మైక్రోస్కోప్ రీడింగులు, బరువులు వేసేటప్పుడూ తీసేటప్పుడూ చదివినవాటి సగటు, సెం.మీ.లలో: హ్యాంగర్ ఒక్కటే ఉన్నప్పుడు 8.412, తర్వాత 50 గ్రాములు పెంచుతూ పోతే 8.343, 8.271, 8.203, 8.131, 8.063.

పక్కపక్క రీడింగుల తేడాలు ఐదింటి సగటు 0.0698 సెం.మీ. అంటే 100 గ్రాములకి 1.396 మి.మీ. కుంగింది. ఫార్ములాలో వేస్తే 1.37 × 10¹⁰ న్యూటన్/చ.మీ. వచ్చింది. అదే స్కేలుతో చేసిన పక్క బ్యాచ్‌కి 1.06 × 10¹⁰. లెక్క మూడుసార్లు తిరగేశాను, గుణకారంలో తప్పులేదు.

రెండోది వర్క్‌షాప్. 6 మి.మీ. మందం ఎం.ఎస్. (మైల్డ్ స్టీల్) ఫ్లాట్‌ని 50 × 50 మి.మీ. చతురస్రం చేసి, తర్వాత వీ-ఫిట్టింగ్ (ఒక ముక్కకున్న V ముక్కు ఇంకోదాని గాడిలో సరిగ్గా కూర్చునేలా) చేయాలి. ఎంత ఆకురాయి పట్టినా అంచు మధ్యలో ఉబ్బుతోంది. మూలమట్టం ఆనిస్తే రెండు కొసల్లోనూ వెలుతురు కనిపిస్తోంది. ఏం చేయాలి?

---

కొలతే_ముఖ్యం:

తమ్ముడూ, రీడింగులన్నీ ఇక్కడ పెట్టడం మంచి పని చేశావు. తప్పు వాటిలోనే దొరుకుతోంది.

ముందు ఫార్ములా చూడు. మాడ్యులస్ = బరువు × పొడవు³ ÷ (4 × వెడల్పు × మందం³ × కుంగిన దూరం). జవాబు ఇంత దూరం పోయిందంటే మొదట అనుమానించాల్సింది ఘనంలో ఉన్నవాటిని. అవి పొడవు, మందం. 70 సెం.మీ. పొడవులో నీ జవాబుని 29 శాతం పెంచేంత తప్పు జరగాలంటే ఆరు సెంటీమీటర్లు తేడా రావాలి. అది కంటికే తెలిసిపోతుంది. మిగిలింది మందం.

ఇప్పుడు వెనక్కి లెక్కవేద్దాం. 1.37ని 1.06తో భాగిస్తే 1.29. దాని ఘనమూలం 1.089. నీ 5.52ని 1.089తో గుణిస్తే 6.01. తేడా 0.49 మి.మీ., అంటే దాదాపు అర మిల్లీమీటరు. నీ గేజ్ పిచ్ (ఒక చుట్టుకి స్క్రూ కదిలే దూరం) కూడా సరిగ్గా అర మిల్లీమీటరే. థింబుల్ (తిరిగే గొట్టం) ఒక పూర్తి చుట్టుని నువ్వు లెక్కలోకి తీసుకోలేదు.

ఎలా జరిగిందంటే, 50 గీతల హెడ్ స్కేల్ ఉన్న గేజ్‌లో ఒక చుట్టుకి స్క్రూ 0.5 మి.మీ. కదులుతుంది. పిచ్ స్కేల్ (కదలని గొట్టం మీది స్కేల్) మీద అడ్డగీతకి ఒక పక్క పూర్తి మిల్లీమీటర్ల గీతలు, రెండో పక్క అర మిల్లీమీటర్ల గీతలు ఉంటాయి. స్కేలు మందం 6.02 అయితే థింబుల్ అంచు 6వ గీతని అప్పుడే దాటి ఉంటుంది. ఆ గీత వెంట్రుకంత మాత్రమే బయటపడుతుంది. అది కంటికి ఆనక, బాగా కనిపించే చివరి గీత 5.5 అని రాసి, దానికి హెడ్ స్కేల్ 2 కలిపావు. 5.52 వచ్చింది. ఐదింటిలో నాలుగుచోట్ల ఇదే జరిగింది.

నువ్వు కొట్టేసిన 5.98 ఒక్కటే సరైన రీడింగు. అక్కడ స్కేలు కాస్త పలచన. థింబుల్ ఇంకా 6 గీత దాకా రాలేదు కాబట్టి 5.5 గీతే చివరిది, హెడ్ స్కేల్ 48, మొత్తం 5.98. గీత విషయంలో అనుమానం లేనిచోట సరిగ్గానే చదివావు. మిగతావి అసలు 6.02, 6.03, 6.02, 6.01 అయ్యుండాలి. ఐదూ కలిపితే సగటు 6.01.

దీనికి ఒక గుర్తు పెట్టుకో. హెడ్ స్కేల్ 0 నుంచి 5 లోపు ఉందంటే పిచ్ స్కేల్ మీద కొత్త గీత అప్పుడే బయటపడి ఉంటుంది, వంచి చూసి దాన్ని లెక్కలో వెయ్యి. 45 నుంచి 49 మధ్య ఉంటే దీనికి తిరగబడిన తప్పు జరుగుతుంది. గీత తొంగిచూస్తున్నట్టుంటుంది కానీ ఇంకా దాటలేదు, దాన్ని వేయకూడదు. ఈ రెండు చోట్లా అదే మందాన్ని వెర్నియర్‌తో కూడా ఒకసారి కొలవాలి. వెర్నియర్ 0.1 మి.మీ. వరకే చెప్పినా 5.5కీ 6.0కీ తేడా చెప్పడానికి అది చాలు.

ఇంకొకటి మనసులో పెట్టుకో. నచ్చని రీడింగుని కారణం తెలియకుండా కొట్టేయొద్దు. అనుమానం వస్తే అక్కడే, అదే చోట మళ్లీ కొలువు. రెండోసారీ 5.98 వచ్చుంటే మిగతా నాలుగింటి మీద నీకు అనుమానం పుట్టేది.

గేజ్ బిగించేటప్పుడు థింబుల్ పట్టుకుని తిప్పకు. చివరనున్న రాచెట్‌నే తిప్పు, టిక్ టిక్‌మని రెండు మూడుసార్లు వినబడగానే ఆపు. చెక్క మెత్తనిది, గట్టిగా బిగిస్తే నొక్కుకుపోయి మందం తక్కువ చూపిస్తుంది.

---

సెకండ్_కట్:

వర్క్‌షాప్ సంగతి నేను చెప్తాను.

అంచు మధ్యలో ఉబ్బిందంటే ఆకురాయి ఊయలలా ఊగుతోందన్నమాట. రెండు చేతులూ మొదటినుంచి చివరిదాకా ఒకే బలంతో నొక్కితే ఇలాగే అవుతుంది. తోపు మొదలైనప్పుడు ఆకురాయి కొస మాత్రమే పని (రుద్దుతున్న ముక్క) మీద ఉంటుంది, అప్పుడు కొస పట్టుకున్న ఎడమచేతి ఒత్తిడి ఎక్కువుండాలి. మధ్యకి వచ్చేసరికి రెండు చేతులదీ సమానం. చివర్లో పిడి పని దగ్గరికి వస్తుంది, అప్పుడు కుడిచేతిది ఎక్కువ, ఎడమది దాదాపు సున్నా. వెనక్కి లాగేటప్పుడు అసలు నొక్కకూడదు. ఆకురాయి పళ్లు ముందుకు తోసినప్పుడే కోస్తాయి, వెనక్కి నొక్కితే అవి మొద్దుబారడం తప్ప లాభం లేదు.

వైస్ (ముక్కని బిగించే పట్టు) ఎత్తు నీ మోచేతి ఎత్తుకి ఉండాలి. ఎత్తు ఎక్కువైతే భుజాలతో తోస్తావు, ఊగుడు ఇంకా పెరుగుతుంది. కాళ్ల కింద చెక్కపలక వేసుకోమంటే మొహమాటపడకు, వేసుకో. పని వైస్ దవడల పైకి 5 నుంచి 10 మి.మీ. మించి ఉండకూడదు. ఎక్కువుంటే వణికి కీచుమంటుంది, ఉపరితలం అలలు తేలుతుంది. తయారైన అంచుని బిగించేటప్పుడు దవడలకి అల్యూమినియం రేకు ముక్కలు అడ్డం పెట్టు.

వరుస ఇలా ఉండాలి. ముందు ఒకే ఒక అంచుని చదును చెయ్యి. అది సరిగ్గా తయారయ్యేదాకా రెండోదాని జోలికి పోవద్దు. తర్వాత దానికి లంబంగా పక్క అంచు. ఈ రెండే నీకు ఆధారాలు. మిగతా రెండింటికీ గీతలు వీటినుంచే కొలిచి స్క్రైబర్‌తో గీయి. గీత వెంట 5 మి.మీ.కి ఒకటి చొప్పున డాట్ పంచ్ చుక్కలు కొట్టు. హ్యాక్‌సాతో (ఇనుము కోసే రంపంతో) కోసేటప్పుడు గీతకి ఒక మిల్లీమీటరు, ఒకటిన్నర బయట కొయ్యి, మిగతాది ఆకురాయితో తీసెయ్. అంచు పూర్తయ్యాక ప్రతి చుక్కలో సగం కనిపిస్తూ ఉండాలి. పూర్తిగా మాయమైతే గీత దాటిపోయావు, పూర్తిగా ఉంటే ఇంకా తీయాల్సింది ఉంది. నాలుగు అంచులూ ఒకేసారి కొంచెం కొంచెం రుద్దుకుంటూ పోయేవాళ్ల ముక్క 48కి దిగిపోయినా చతురస్రం కాదు.

హ్యాక్‌సా బ్లేడు పళ్లు పిడికి అవతలి వైపు చూడాలి. అంగుళానికి 18 పళ్ల బ్లేడు అయితే పళ్ల మధ్య 1.4 మి.మీ. ఉంటుంది, నీ 6 మి.మీ. మందంలో ఎప్పుడూ నాలుగు పళ్లు ఆనుతాయి. కనీసం మూడు ఆనాలి, లేకపోతే పళ్లు విరుగుతాయి. బ్లేడు వదులుగా ఉన్నా కోత వంకర పోతుంది.

బాస్టర్డ్ (ముతక పళ్ల) ఆకురాయితో గీతకి అర మిల్లీమీటరు దగ్గరిదాకా తెచ్చి, అక్కడినుంచి సెకండ్ కట్ (దానికంటే సన్న పళ్లది). పళ్ల మధ్య ఇనుపరజను ఇరుక్కుంటే అది అంచు మీద లోతైన గీతలు పెడుతుంది. మొదలుపెట్టే ముందు ఆకురాయికి సుద్ద రుద్దితే ఇరుక్కోవడం తగ్గుతుంది, ఇరుక్కున్నది తీగ బ్రష్‌తో పళ్ల వాలునే రుద్దితే వస్తుంది. రుద్దుతున్న అంచుని వేలితో తడిమి చూడకు. చేతి జిడ్డు అంటుకుని ఆకురాయి జారిపోతుంది. ఇనుపరజను నోటితో ఊదకు, కంట్లో పడుతుంది.

వీ-ఫిట్టింగ్‌లో ముందు ముక్కున్న ముక్కని పూర్తిగా తయారుచెయ్యి, గాడి ఉన్నదాన్ని దానికి సరిపెట్టు. రెండూ ఒకేసారి సవరించబోతే దేన్ని సరిచేస్తున్నావో నీకే తెలియదు. గాడి అడుగున పదునైన మూల ఆకురాయితో రాదు, అక్కడ చిన్న రంధ్రం వేసుకోవాలి లేదా హ్యాక్‌సాతో సన్నని గాటు పెట్టుకోవాలి. మీ ల్యాబ్ డ్రాయింగ్‌లో ఏది ఒప్పుకుంటారో ముందే అడుగు. గాడి పక్కలకి మూడు మూలల ఆకురాయి. ముక్కుకి సుద్ద పూసి గాడిలో జొనిపి తీస్తే, గాడిలో సుద్ద అంటిన చోట్లే ఎత్తు, అక్కడే తీయాలి.

---

పెన్నా_ఫస్టియర్:

కొలతే_ముఖ్యం అన్నా, ఈ రోజు మధ్యాహ్నం ల్యాబ్‌లో అడిగి మళ్లీ కొలిచాను. వెర్నియర్ 6.0 చూపించింది. స్క్రూ గేజ్ మీరు చెప్పినట్టే, 6 గీత అంచున సన్నగా కనిపిస్తోంది. 6.01 వేస్తే 1.06 వచ్చింది. చాలా థాంక్స్ అన్నా.

జవాబు కుదిరింది కదా, ఇక రికార్డ్ రాసేయొచ్చా? గురుత్వ త్వరణం 9.8 వేయాలా 9.81 వేయాలా అని బ్యాచ్‌లో పెద్ద గొడవ జరుగుతోంది.

---

వాలురేఖ:

రాసే ముందు రెండు మాటలు, బాబూ.

ఆ గొడవ అక్కర్లేదు. భూమధ్యరేఖకి దగ్గర కాబట్టి చెన్నైలో గురుత్వ త్వరణం 9.78కి కాస్త పైన ఉంటుంది. 9.8కీ దానికీ తేడా శాతంలో అయిదో వంతు కూడా లేదు. 9.81 అయితే ఇంకొంచెం దూరం. మీ మాన్యువల్‌లో 9.8 అని ఉంటే అదే వేసి, వేశానని రాయండి. మీ కొలతల్లో దీనికంటే పెద్ద లోపాలున్నాయి.

కుంగిన దూరం సగటు తీసిన పద్ధతి మార్చండి. పక్కపక్క తేడాలన్నీ కూడితే ఏమవుతుందో చూడండి: 8.412 నుంచి 8.343 తీసేసి, దానికి 8.343 నుంచి 8.271 తీసేసినది కలిపి, అలా చివరిదాకా. మధ్యలో ఉన్నవి ఒకసారి కూడిక, ఒకసారి తీసివేత అయి పోతాయి. మిగిలేది 8.412లోంచి 8.063 తీసి అయిదుతో భాగించినదే. కష్టపడి తీసిన మధ్య నాలుగు రీడింగులు జవాబులో లేనే లేవు.

బదులుగా ఒకటోదాన్ని నాలుగోదానితో, రెండోదాన్ని అయిదోదానితో, మూడోదాన్ని ఆరోదానితో జతచేయండి. 150 గ్రాములకి 0.209, 0.212, 0.208 వస్తాయి. సగటు 0.2097. ఆరూ పనికొచ్చాయి. తేడా పెద్దది కాబట్టి మైక్రోస్కోప్ 0.001 సెం.మీ. లోపం కూడా చిన్నదైపోతుంది. 50 గ్రాముల తేడా 0.07 మాత్రమే, అందులో రెండు రీడింగుల లోపం కలిస్తే రెండు శాతం దాకా పోతుంది. గ్రాఫ్ గీసి వాలు తీస్తే ఇంకా మంచిది. చెక్క మొదట్లో సర్దుకోవడం, నైఫ్ ఎడ్జ్ జరగడం లాంటివి ఉంటే బిందువులు గీత తప్పి కంటికే కనిపిస్తాయి.

ఇక లోపాల లెక్క. పొడవులో 1 మి.మీ. అంటే 0.14 శాతం, ఘనం కాబట్టి మూడింతలు, 0.43. మందంలో చెక్క ఎగుడుదిగుడు కలుపుకుని 0.02 మి.మీ. అనుకోండి, 0.33 శాతం, మూడింతలు చేస్తే 1.0. వెడల్పు 0.1 మి.మీ.కి 0.38. కుంగుకి మీ మూడు జతల చెదురుని బట్టి 0.6. వీటి వర్గాలు కూడి వర్గమూలం తీస్తే 1.3 శాతం. అంటే (1.06 ± 0.01) × 10¹⁰. కాలిక్యులేటర్ చూపించిందని 1.0609 అని రాయకండి, ఆ చివరి అంకెలకి మీ కొలతలు ఆసరా ఇవ్వవు.

మైక్రోస్కోప్ దగ్గర మూడు జాగ్రత్తలు. ముందు ఐపీస్ కదిపి క్రాస్‌వైర్ స్పష్టంగా కనిపించేలా చేసుకుని, ఆ తర్వాతే పిన్ను కొసకి ఫోకస్ చేయాలి. తల అటూ ఇటూ కదిపితే పిన్నూ క్రాస్‌వైరూ విడివిడిగా జరగకూడదు. బొమ్మ తలకిందులుగా కనిపిస్తుంది, స్కేలు కిందికి కుంగితే పిన్ను పైకి పోయినట్టుంటుంది, కంగారుపడొద్దు. ఒక వరుస రీడింగులకి స్క్రూని ఎప్పుడూ ఒకే దిక్కులో తిప్పండి. దాటిపోతే బాగా వెనక్కి తెచ్చి మళ్లీ ముందుకు రండి, లేకపోతే మరలోని వదులు రీడింగులోకి వస్తుంది. బరువు వేశాక ఒక్క నిమిషం ఆగండి, చెక్క వెంటనే ఆగదు. అసలు మొదలుపెట్టే ముందే మొత్తం బరువులు రెండుమూడుసార్లు వేసి తీస్తే స్కేలు నైఫ్ ఎడ్జ్‌ల మీద కుదురుకుంటుంది.

---

ఉలి_సుత్తి:

పైవాళ్లు వదిలేసినవి చెప్తాను.

అబ్జర్వేషన్ నోట్‌బుక్‌లో పెన్నుతోనే రాయి. తప్పైతే ఒక్క గీత కొట్టి పక్కన కారణం రాయి, కింద అంకె చదవగలిగేలా ఉండాలి. నీ 5.98ని వైట్నర్‌తో చెరిపేసి ఉంటే ఈ చర్చే ఉండేది కాదు. చిత్తుకాగితం మీద రాసుకుని తర్వాత ఎక్కించే అలవాటు మానుకో. పరికరం నంబర్, లీస్ట్ కౌంట్ (అది కొలవగల అతి చిన్న కొలత), జీరో ఎర్రర్ పేజీ పైన మొదటే రాయి.

వర్క్‌షాప్‌లో అరవం గురించి భయపడకు. రంపం వాళ్లకీ రంబమే, ఉలి ఉళియే, సుత్తి సుత్తియల్. ఆకురాయి ఒక్కటే వేరు, దాన్ని అరం అంటారు. ఇన్‌స్ట్రక్టర్‌ని అణ్ణా అని పిలిచి అడిగితే చేయి పట్టుకుని చూపిస్తారు. ఈ ఊగుడు సంగతి రాతలో చదివితే సగమే వస్తుంది.

సొంత వెర్నియర్ కొనాలనుకుంటే తాంబరంలో లోకల్ ఎక్కి బీచ్ స్టేషన్‌లో దిగి పారిస్ కార్నర్ వైపు నడువు. జార్జ్ టౌన్ వీధుల్లో పనిముట్ల దుకాణాలున్నాయి. ప్లాస్టిక్ డిజిటల్‌వి వద్దు, 0.02 మి.మీ. లీస్ట్ కౌంట్ ఉన్న స్టీలుది తీసుకో. పెట్టెమీద పేరున్న కంపెనీ ముద్ర ఉన్నంత మాత్రాన నమ్మకు. దవడలు మూసి వెలుతురుకి పట్టి చూడు, సందు ఎక్కడా కనిపించకూడదు. ఒక 608 బేరింగ్ జేబులో పెట్టుకుని వెళ్లు, స్కేటింగ్ చక్రాల్లో ఉండేదే. దాని బయటి వ్యాసం 22, లోపలి రంధ్రం 8 మి.మీ. ఈ రెండూ 0.01 మి.మీ. లోపు తేడాతోనే తయారవుతాయి కాబట్టి వెర్నియర్ బయటి దవడల్నీ లోపలి దవడల్నీ దాంతోనే పరీక్షించొచ్చు. వెడల్పు 7 అంటారు కానీ దానికి అనుమతించే తేడా ఎక్కువ, దాన్నిబట్టి తీర్పు చెప్పకు.

---

పెన్నా_ఫస్టియర్:

అందరికీ థాంక్స్. జతలు వేసి మళ్లీ లెక్కించా, 1.06 ± 0.01 రాశా. ఈ రోజు ఫిట్టింగ్‌లో ఒక అంచు వెలుతురు లేకుండా వచ్చింది, మిగతా మూడూ ఉన్నాయి. వచ్చే వారం టోర్షన్ పెండ్యులం, తీగకి వేలాడే డిస్క్‌ని మెలితిప్పి వదిలేది. తీగ రిజిడిటీ మాడ్యులస్ (మెలికి ఎంత ఎదురునిలుస్తుందో చెప్పే విలువ) కనుక్కోవాలట. అక్కడ దేని దగ్గర జాగ్రత్తగా ఉండాలి?

---

కొలతే_ముఖ్యం:

తీగ వ్యాసం దగ్గర. అక్కడ వ్యాసార్ధం నాలుగో ఘాతంలో ఉంటుంది. అర మిల్లీమీటరు తీగలో 0.01 మి.మీ. తప్పు అంటే 2 శాతం, జవాబులో 8 శాతం. చెక్క స్కేలు దగ్గర పట్టించుకోనక్కర్లేని జీరో ఎర్రర్ ఇక్కడ జవాబుని పాడుచేస్తుంది.

జీరో ఎర్రర్‌కి ప్లస్సా మైనస్సా అని సూత్రం బట్టీపట్టకు. గేజ్ మూసినప్పుడు అది ఎంత చూపిస్తే అంత ప్రతి రీడింగులోంచీ తీసెయ్. 3 గీతలు ముందుంటే 0.03 తీసెయ్. 50 గీతల స్కేల్ మీద 47 దగ్గర ఆగితే అది మైనస్ 3, తీసేయడమంటే 0.03 కలపడమే.

తీగని ఆరుచోట్ల కొలువు, ప్రతిచోటా ఒకదానికొకటి లంబంగా రెండు దిక్కుల్లో. తీగ ఒకచోట మెలిక పడి ఉంటే ఆ ముక్క వాడొద్దని ముందే చెప్పు. డోలనాలు లెక్కపెట్టేటప్పుడు స్టాప్‌వాచ్ నొక్కిన క్షణాన్ని "సున్నా" అను, "ఒకటి" అనకు. ఒకటి అంటే పది డోలనాలకి తొమ్మిదే అవుతాయి. కొసలో కాదు, మధ్యబిందువు దాటేటప్పుడు నొక్కు, డిస్క్ అక్కడ వేగంగా కదులుతుంది కాబట్టి క్షణం స్పష్టంగా తెలుస్తుంది. డిస్క్ పక్కలకి ఊగకుండా మెలి మాత్రమే తిరగాలి. ఊగితే ఆపి మళ్లీ మొదలుపెట్టు.